కలంపనిలో తొందర ఎక్కడ బయటపడుతుంది?

శ్రోతలకు నమస్కారం. దుకాణంలో రెండు కలంకారీ చీరలు పక్కపక్కన పరిచారనుకోండి. రెండింటిమీదా అదే నెమలి, రంగులూ దాదాపు అవే. ధరలో మాత్రం ఎన్నో రెట్లు తేడా. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే శ్రీకాళహస్తి కలంపనిని మొదటినుంచీ చూడాలి.

ముందు నూలుబట్టలోని గంజి పూర్తిగా వదలాలి. గంజి మిగిలిన చోట రంగు సమంగా ఎక్కదు. తర్వాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో బట్టను ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు పాకకుండా ఆపుతుంది. పాలు చాలకపోతే ఎంత సన్నగా గీసినా గీత అంచులు చెదురుతాయి.

నల్లరంగు కోసం తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో వేసి సుమారు మూడు వారాలు పులియబెడతారు. పులుపుకు ఇనుము కరుగుతుంది. ఆ నీళ్లు కరక్కాయ పట్టిన బట్టను తాకాకే అసలు నలుపు వస్తుంది. ముందే వాడేస్తే ఇనుము చాలక గీత బూడిదరంగులో తేలిపోతుంది. పోనీ మరీ చిక్కగా చేద్దామా అంటే, ఏళ్లు గడిచాక గీత ఉన్నచోటే నూలు చివికిపోతుంది. పాత అద్దకాల్లో నల్లగీతల వెంబడే చిరుగులు కనిపించడానికి ఇదొక కారణం.

కలం అంటే చెక్కిన వెదురుపుల్లే. దానికి ఉన్నో గుడ్డో చుట్టి దారంతో కడతారు. ఆ ఉండను వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది.

ఎరుపు సంగతి ఇంకా విచిత్రం. ఎర్రగా కావలసినచోట పూసేది పటికనీళ్లు, వాటికి రంగే ఉండదు. అవి నూలుకు పట్టడానికి కనీసం ఒకరోజు వదిలేసి, ఆపైన పారేనీటిలో ఉతకాలి. నిలవనీటిలో ఉతికితే వదిలిన పటిక పక్కభాగాలకు అంటుకుంటుంది. ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు వేసి ఉడికించినప్పుడు అక్కడా ఎర్రమచ్చలు పడతాయి. ఈ పనికి స్వర్ణముఖి నది ఒడ్డు ఎంత అవసరమో దీన్నిబట్టే అర్థమవుతుంది. పసుపు, నీలం ఆ తర్వాతే.

స్క్రీన్ ప్రింటింగ్‌లో ఇవేవీ ఉండవు. తయారైన రంగుముద్దను తెరగుండా ఒత్తి, వేడితో బిగిస్తారు. తక్కువ ధరలో మంచి బట్ట దొరికితే తప్పేం లేదు. దాన్నే కలంపని అని అమ్మడం మాత్రం కొనేవారికీ, గీసేవారికీ అన్యాయం. బందరు దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో అద్దేది వేరే పద్ధతి, అదీ చేతిపనే. అచ్చులు కలిసేచోట సన్నని అతుకు కనిపిస్తుంది.

కొనేముందు చీర తిరగేసి చూడండి. కలంతో దిగిన రంగు నూలులోకి ఇంకుతుంది కాబట్టి వెనకా బొమ్మ తెలుస్తుంది. రంగుముద్ద పైపొరగా ఉండిపోతుంది, వేలితో రాస్తే బిరుసు తగులుతుంది. ఒకే బొమ్మ రెండుచోట్ల ఉంటే కళ్లు, ఈకల చివరలు పోల్చి చూడండి. చేత్తో గీసినవి అచ్చుగుద్దినట్టు ఉండవు.

ఇంటికి తెచ్చాక విడిగా చల్లనీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. భోజనాల దగ్గర నిమ్మరసం పడితే ఆరనివ్వకుండా వెంటనే కడిగేయండి, ఇనుముతో వచ్చిన ఆ నలుపును పులుపు కరిగించేస్తుంది.