పక్షి మెడికల్ షాపుకు పోయిందా?

నమస్తే అన్నలూ, అక్కలూ! సూటిగా ఒక్కటే అడుగుతా. పక్షి ఎప్పుడైనా మెడికల్ షాపుకు పోయిందా? జ్వరం వచ్చిందని రెండు గోలీలు అడిగి తెచ్చుకుందా? మరి సముద్రపు పక్షుల కడుపులోకి యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా ఎట్లా చేరింది?

గొడవ మీకు తెలిసిందే. సీగల్ పక్షుల్లో ఈ మొండి బ్యాక్టీరియా ఉందని వార్తలు వచ్చాక "వలస పక్షులు రోగాలు మోసుకొస్తాయి, చెరువుల దగ్గరికి రానివ్వొద్దు" అని ఫార్వర్డ్‌లు మొదలయ్యాయి. చదువుతుంటే ఒళ్ళు మండిపోతోంది. దొంగను వదిలేసి సాక్షిని కొడతారా?

ఆస్ట్రేలియాలో సిల్వర్ గల్ అనే రకం సీగల్ పక్షులను పరీక్షించారు, 2019లో ఫలితం బయటికొచ్చింది. ప్రతి 5 పక్షుల్లో ఒకదానికి పైగా ముఖ్యమైన మందులకు లొంగని ఈ-కోలై, అంటే పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియా, ఉంది. ఈ పక్షులకు తిండి ఎక్కడ దొరుకుతుంది? చెత్త కుప్పల్లో, మురుగు కలిసే చోట. మనం మింగిన యాంటీబయాటిక్‌లో కొంత అట్లాగే మూత్రంలో బయటికి పోతుంది. మందును తట్టుకుని బతికిన బ్యాక్టీరియా కూడా డ్రైనేజీలోకే పోతుంది. అక్కడ అది తన మొండితనాన్ని, అంటే ఆ జన్యువును, పక్కనున్న వేరే రకం బ్యాక్టీరియాకు కూడా ఇచ్చేస్తుంది. పక్షి ఆ నీళ్లు తాగి ఎగిరిపోతుంది. సైబీరియా, అలాస్కా, గ్రీన్‌ల్యాండ్ పక్షుల్లో కూడా ఇట్లాంటి బ్యాక్టీరియా దొరికిందని 2008లోనే అచ్చయింది. ఆ మంచులో ఏ మెడికల్ షాపు ఉందో చెప్పండి!

ఇప్పుడు మన హనుమకొండకు రండి. సాయంత్రం ఏ మెడికల్ షాపు ముందైనా పది నిమిషాలు నిలబడండి. "అన్నా, గొంతు నొప్పి, అజిత్రోమైసిన్ రెండు ఇవ్వు." అజిత్రోమైసిన్ అంటే యాంటీబయాటిక్. షాపాయన డాక్టర్ చీటీ అడగడు. కత్తెర తీసి స్ట్రిప్‌లోంచి రెండు గోలీలు కత్తిరించి చేతిలో పెడతాడు. చీటీ లేకుండా అమ్మొద్దని చెప్పే ఎర్ర గీత ఆ స్ట్రిప్ మీదే ఉంటుంది, కత్తెర దాని మీదుగానే పోతుంది. జలుబు, మామూలు వైరల్ జ్వరం అయితే ఆ గోలీ ఏ పనీ చేయదు. అయినా వేసుకుంటాం. ఒళ్ళు కాస్త తేలికపడితే రెండో రోజే ఆపేస్తాం.

మందులు తయారుచేసే చోటు సంగతి ఇంకా ఘోరం. పటాన్‌చెరులో ఫార్మా కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో రాశారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ! శుద్ధి చేశాక వచ్చిన నీళ్లండీ ఇవి. మన తెలంగాణలోనే. దాని మీద ఫార్వర్డ్ ఒక్కటైనా వచ్చిందా? పక్షి మీద మాత్రం వస్తాయి, ఎందుకంటే పక్షి కేసు వేయదు.

కోళ్ల సంగతి కూడా విడిచిపెట్టను. కొలిస్టిన్ అంటే వేరే ఏ యాంటీబయాటిక్కూ పనిచేయని రోగికి ఐసీయూలో చివరగా ఇచ్చే మందు. దాన్ని కోళ్లు తొందరగా పెరగాలని దాణాలో కలిపారు. 2019లో మన దేశంలో నిషేధించాల్సి వచ్చింది. ఆ మందును తట్టుకునే జన్యువు అర్జెంటీనాలో సీగల్ పక్షుల్లో కూడా దొరికింది. ఆ పక్షి కోళ్ల ఫారం పెట్టిందా?

నా గట్టి నమ్మకం చెబుతున్నా. మన చెరువు పక్షులను పరీక్షిస్తే వరంగల్‌లో మనం ఏ మందు ఎడాపెడా మింగుతున్నామో వాటి రెట్టలోనే తేలుతుంది. ఆ పక్షులను తరిమితే మనకున్న ఒక్క రిపోర్టూ పోతుంది. అందుకే అడుగుతున్నా, పక్షులను పట్టుకోవాల్సిన పని కూడా లేదు. ఈ చలికాలం భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు, పాకాల గట్ల మీద తాజా రెట్ట సేకరించండి. కాకతీయ మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ వాళ్లు పరీక్షించి, అందులోని బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతోందో ఏ మందుకు లొంగడం లేదో జనం ముందు పెట్టాలి. పెట్టేదాకా ఈ ఛానల్‌లో అడుగుతూనే ఉంటా.