బయట చలి ఎంతో బాయిలర్‌కి తెలియాలి

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్న వాళ్లలో చాలామంది స్లౌ, రీడింగ్, మిల్టన్ కీన్స్ లాంటి ఊళ్లలో కాపురం ఉంటున్నవాళ్లే. ఎండాకాలంలో ఇల్లు చల్లగా ఉంచుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చలికాలంలో వెచ్చగా ఉంచుకోవడం మాత్రం బ్రిటన్ వచ్చాకే నేర్చుకున్నాం. అందుకే హీటింగ్ అనగానే హాల్లో గోడకున్న థర్మోస్టాట్ ఒక్కటే గుర్తొస్తుంది. చలేస్తే 22కి పెంచుతాం, బిల్లు వచ్చాక 18కి దించుతాం. పసిపిల్లలో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలో ఇంట్లో ఉంటే ఈ పెంచడం, దించడం రోజంతా సాగుతుంది.

ఈ పూట నేను వేరే అంకె గురించి మాట్లాడతాను. గ్యాస్‌తో నీళ్లు కాచే బాయిలర్ నుంచి, గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లలోకి వెళ్లే నీరు ఎంత వేడిగా ఉందనేది ఆ అంకె. ఫ్లో టెంపరేచర్ అంటారు. చాలా ఇళ్లలో అది బాయిలర్ బిగించిన రోజు 75కో 80కో పెట్టి ఉంటుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోరు.

అది ఎందుకు ముఖ్యమో చెబుతాను. 2005 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, కండెన్సింగ్ రకానివే అయి ఉండాలి. గ్యాస్ మండినప్పుడు పొగతో పాటు నీటి ఆవిరి పుడుతుంది. గ్యాస్‌లో ఉన్న మొత్తం శక్తిలో దాదాపు పదో వంతు ఆ ఆవిరిలోనే దాగి ఉంటుంది. ఆవిరి బాయిలర్ లోపలే నీరుగా మారితే ఆ వేడి మన ఇంటికి దక్కుతుంది. అలా మారాలంటే రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీరు సుమారు 55 డిగ్రీల కన్నా చల్లగా ఉండాలి, ఎంత చల్లగా వస్తే అంత లాభం. 80 డిగ్రీలతో పంపిన నీరు 60 దగ్గర తిరిగొస్తుంది కాబట్టి ఆవిరి అలాగే పొగగొట్టంలోంచి పోతుంది. పేరుకు కండెన్సింగ్ బాయిలరే, ఆ పని మాత్రం జరగదు. మనం డబ్బు పెట్టి కొన్న సౌకర్యం గోడ బయట తెల్లటి ఆవిరిగా పోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మరి నీటి వేడి తగ్గిస్తే ఇల్లు వెచ్చబడుతుందా? అది బయట చలి మీద ఆధారపడుతుంది. ఇల్లు ఎంత వేడి పోగొట్టుకుంటుందనేది లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. లోపల 20 ఉండాలనుకుందాం. బయట సున్నా ఉన్న రోజుతో పోలిస్తే, 10 డిగ్రీలున్న రోజు కావలసిన వేడి సగమే. దక్షిణ ఇంగ్లండ్‌లో చలికాలం రోజుల్లో ఎక్కువ భాగం గడ్డకట్టే చలి ఉండదు, 5 నుంచి 12 డిగ్రీల మధ్య గడుస్తాయి. అయినా బాయిలర్ మాత్రం ప్రతిరోజూ మంచు కురుస్తున్నట్టే 75 డిగ్రీల నీరు పంపిస్తుంది. గది త్వరగా వేడెక్కి థర్మోస్టాట్ ఆపేస్తుంది, కాసేపటికి చల్లబడి మళ్లీ వెలుగుతుంది. సీలింగ్ ఫ్యానుకు రెగ్యులేటర్ ఉండగా దాన్ని ఐదు మీదే ఉంచి, చలేసినప్పుడల్లా స్విచ్ ఆపి, ఉక్కపోసినప్పుడల్లా వేసినట్టుంటుంది ఈ వ్యవహారం.

ఆ రెగ్యులేటర్ పని చేసేదే వెదర్ కాంపెన్సేషన్. ఇంటి బయట గోడకు అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన సెన్సర్ బిగిస్తారు. రెండు తీగలతో అది బాయిలర్‌కు కలుస్తుంది. బయట మైనస్ 3 ఉంటే నీరు 55 డిగ్రీలతో వెళ్లాలి, బయట 12 ఉంటే 36 చాలు అన్నట్టుగా ఒక గీత ముందే పెట్టి ఉంటుంది. దాన్ని హీటింగ్ కర్వ్ అంటారు. బయట చలి పెరుగుతుంటే, ఆ చలి గోడలు దాటి గదిలోకి రాకముందే నీటి వేడి మెల్లగా పెరుగుతుంది. రేడియేటర్ ముట్టుకుంటే చెయ్యి కాలదు, గోరువెచ్చగా ఉంటుంది. మన వాళ్లు కంగారుపడేది ఇక్కడే. రేడియేటర్ వేడిగా లేదంటే హీటింగ్ పాడైందనుకుని అంకె పెంచేస్తారు. దయచేసి రేడియేటర్‌ని ముట్టుకుని చూడకండి, గదిలో వెచ్చగా ఉందా లేదా అన్నదే చూడండి.

జర్మనీలో ఇది కొత్త సంగతేమీ కాదు. సెంట్రల్ హీటింగ్ బయటి ఉష్ణోగ్రతను బట్టో, అలాంటి మరో కొలతను బట్టో దానంతటదే సర్దుకోవాలని అక్కడి చట్టమే చెబుతుంది. ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్‌లో వచ్చిన బాయిలర్ ప్లస్ నిబంధన, కాంబి బాయిలర్ (సిలిండర్ లేకుండా కుళాయి నీళ్లను కూడా అప్పటికప్పుడు కాచే రకం) పెట్టేటప్పుడు నాలుగు అదనపు ఏర్పాట్లలో ఒకటి తప్పనిసరి చేసింది. వాటిలో వెదర్ కాంపెన్సేషన్ ఒకటి, స్మార్ట్ థర్మోస్టాట్ ఇంకొకటి. నేను చూసినంతలో ఎక్కువమంది రెండోదానికే మొగ్గుతారు, ఫోన్లో కనిపిస్తుంది కాబట్టి. ఫోన్లోంచి ఆపి వెలిగించే సదుపాయం మంచిదే. కానీ నీటి వేడిని మార్చలేని స్మార్ట్ థర్మోస్టాట్ కన్నా గోడకున్న ఆ చిన్న సెన్సరే మేలని నా గట్టి అభిప్రాయం. రెండూ కలిస్తే ఇంకా మంచిది. హీటింగ్ పరికరాలు శక్తిని ఎంత బాగా వాడుకుంటాయో చూపే యూరప్ లేబుల్ లెక్కల్లో బయటి సెన్సర్ ఒక్కదానికి 2 శాతం, దానికి గదిలో సెన్సర్ కూడా తోడైతే 4 శాతం కలుపుతారు. నీరు 80 దగ్గర నడుస్తున్న ఇంట్లో మిగిలేది అంతకన్నా ఎక్కువే ఉంటుందని నా నమ్మకం.

బాయిలర్ బదులు హీట్ పంప్, అంటే బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే యంత్రం, పెట్టించుకున్నవాళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం. నీటి వేడి ఒక్కో డిగ్రీ తగ్గినకొద్దీ సుమారు రెండు, రెండున్నర శాతం కరెంటు మిగులుతుంది. హీట్ పంపుల్లో ఈ ఏర్పాటు సాధారణంగా లోపలే ఉంటుంది. చాలాసార్లు కర్వ్ అవసరానికి మించి ఎత్తుగా పెట్టి వదిలేస్తారు, అంతే.

కర్వ్ సరిచేయడానికి ఓపిక కావాలి. ముందుగా రేడియేటర్ వాల్వులన్నీ బాగా తెరవండి. ఒక మార్పు చేసి కనీసం ఒకటి రెండు రోజులు ఆగండి, ఇటుక గోడల ఇల్లు నిదానంగా స్పందిస్తుంది. గడ్డకట్టే చలిలో మాత్రమే ఇల్లు చల్లగా ఉంటే గీత వాలు పెంచాలి. ఒక మోస్తరు చలిలో కూడా చల్లగానే ఉంటే గీత మొత్తాన్ని కాస్త పైకి జరపాలి. రాత్రిళ్లు హీటింగ్ పూర్తిగా ఆపేసే అలవాటు దీనితో కుదరదు. తక్కువ వేడి నీటితో తెల్లారేసరికి ఇల్లు మళ్లీ వెచ్చబడదు, కాబట్టి రాత్రికి గది వేడిని రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తే చాలు. సెన్సర్ ఉత్తరం గోడకే ఉండాలి. ఎండ తగిలినా, కిటికీ మీదో పొగగొట్టం పక్కనో పెట్టినా అది బాయిలర్‌కు తప్పు సమాచారం ఇస్తుంది.

ఒక జాగ్రత్త మర్చిపోవద్దు. ఇంట్లో వేడినీళ్ల సిలిండర్ ఉంటే అందులో నీరు 60 డిగ్రీలకు చేరాలి, లేకపోతే లెజియోనెల్లా బాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. సిలిండర్‌కు వేరే ఉష్ణోగ్రతతో నీరు పంపే ఏర్పాటు లేకుండా బాయిలర్ అంకె అంత కిందికి దించకండి. కాంబి బాయిలర్‌కు ఈ చిక్కు లేదు, కుళాయి నీళ్లకు వేరే సెట్టింగ్ ఉంటుంది.

అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లు సెన్సర్ పెట్టించాలంటే ఓనర్‌ని అడగాలి. బాయిలర్ మూత విప్పే పని గ్యాస్ సేఫ్ రిజిస్ట్రేషన్ ఉన్న ఇంజినీరుకే వదిలేయండి. కాంబి ఉన్నవాళ్లు ఫ్లో టెంపరేచర్‌ని ముందున్న మీట నుంచి ఈ రాత్రే 60కి దించుకోవచ్చు. ఇంట్లో వేడి చాలడం లేదనిపిస్తే మళ్లీ పెంచుకోవచ్చు.

బాయిలర్ మోడల్ పేరు ఫోటో తీసుకుని వచ్చినవాళ్లు ఉంటే ముందుకు రండి. దానికి బయటి సెన్సర్ పడుతుందో లేదో ఇప్పుడే మాన్యువల్ తీసి చూద్దాం.