తెర మీద వైద్యుడు, నాలుక కింద మాత్ర

శ్రోతలకు నమస్కారం.

నల్లమందు నుంచి తీసిన మార్ఫిన్, దాని నుంచి తయారయ్యే హెరాయిన్, పూర్తిగా ప్రయోగశాలలోనే పుట్టిన ఫెంటనిల్, ఆపరేషన్ తరువాత నొప్పికి రాసే కొన్ని మాత్రలు, వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. వీటికి బానిసైన మనిషి ఇంట్లో కూర్చుని, ఫోన్‌లోనో వీడియోలోనో వైద్యుడితో మాట్లాడి చికిత్స పొందే వీలు కొన్ని దేశాల్లో ఏర్పడింది. అలా చికిత్స పొందుతున్నవారు దాని గురించి ఏమంటున్నారు, వారి తృప్తిని మనం ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

వ్యసనానికి చేసే వైద్యంలో రోగి తృప్తి సంగతి ఎందుకు, నచ్చినా నచ్చకపోయినా మందు పడాలి గదా అని కొందరు అడుగుతారు. ఈ మాటను నేను ఒప్పుకోలేను. ఈ జబ్బుకు వారం రోజుల కోర్సు అంటూ లేదు. చికిత్స నెలల తరబడి, చాలామందికి ఏళ్ల తరబడి సాగుతుంది. సాగినంత కాలం ప్రాణానికి రక్షణగా ఉంటుంది. మధ్యలో మానేసినవారికి ఆ తరువాతి తొలి నాలుగు వారాలు ఎంతో ప్రమాదకరమని, పలు దేశాల సమాచారాన్ని కలిపి పరిశీలించి 2017లో ప్రచురించిన ఒక సమీక్ష తేల్చింది. మందు ఆగిపోయాక శరీరం మత్తును తట్టుకునే శక్తిని త్వరగా కోల్పోతుంది. అప్పుడు పాత అలవాటు కొద్దీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. కాబట్టి ఇక్కడ రోగి విసిగిపోయి క్లినిక్‌కు రావడం మానేశాడంటే అతని ప్రాణం ప్రమాదంలో పడిందనే అర్థం.

ఈ చికిత్సలో ముఖ్యంగా వాడేవి రెండు మందులు. మొదటిది మెథడోన్. 1960ల మధ్యలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే వైద్యులు దీని ఉపయోగాన్ని నిరూపించారు. అమెరికాలో ఇది ప్రత్యేక క్లినిక్‌లలోనే ఇస్తారు. ఎన్నో ఏళ్లపాటు, ముఖ్యంగా తొలి దశలో, రోగి దాదాపు రోజూ అక్కడికి వెళ్లి, వరుసలో నిలబడి, నర్సు చూస్తుండగా తాగి రావలసి వచ్చేది. రెండోది బ్యుప్రెనార్ఫిన్. అమెరికాలో ఈ వ్యసనానికి వాడేందుకు 2002లో అనుమతి పొందింది. మెదడులో ఓపియాయిడ్లు అతుక్కునే చోటనే ఇదీ అతుక్కుంటుంది, గట్టిగా అతుక్కుంటుంది, కానీ పాక్షికంగానే పనిచేస్తుంది. ఒక హద్దు దాటాక మోతాదు పెంచినా, ఊపిరి మందగించే గుణం ఆ మేరకు పెరగదు. రోగిని ఎదుట కూర్చోబెట్టుకోకుండానే ఈ మందు రాయడానికి వైద్యులకు ధైర్యమిచ్చింది ఈ లక్షణమే.

చట్టం మాత్రం చాలాకాలం అడ్డుగా నిలిచింది, దానికి కారణమూ లేకపోలేదు. అమెరికాలో రయాన్ హైట్ అనే 18 ఏళ్ల యువకుడు, తనను ఎన్నడూ చూడని వైద్యుడు రాసిచ్చిన నొప్పి మాత్రలను ఇంటర్నెట్‌లో కొని వాడి, 2001లో చనిపోయాడు. అతని పేరుతోనే 2008లో వచ్చిన చట్టం ప్రకారం, ఇటువంటి మందులను ఇంటర్నెట్ ద్వారా రాసే ముందు వైద్యుడు కనీసం ఒక్కసారైనా రోగిని స్వయంగా పరీక్షించాలి. కరోనా వచ్చి 2020 మార్చిలో ఆ నిబంధన సడలింది. వీడియో సౌకర్యం లేనివారికి మామూలు ఫోన్ సంభాషణతోనే బ్యుప్రెనార్ఫిన్ మొదలుపెట్టవచ్చన్నారు. ఆ తరువాత 2025 జనవరిలో, ఇలా దూరం నుంచి మొదటి ఆరు నెలలకు సరిపడా మందు రాయవచ్చని అక్కడి ప్రభుత్వం ఒక తుది నియమాన్ని ప్రకటించింది. ఒక తల్లి కడుపుకోత నుంచి పుట్టిన చట్టాన్ని సడలించేటప్పుడు జంకడం సహజమే. అయితే ప్రాణం పోతుందన్న భయంతో కట్టిన గోడే మరికొందరి ప్రాణం నిలిపే మందుకు అడ్డు పడుతున్నప్పుడు, దానిలో ఒక తలుపు పెట్టక తప్పదని నా నమ్మకం.

ఇంట్లో తొలి మోతాదు వేసుకునే రోజు ఎలా గడుస్తుందో కొంచెం దగ్గరగా చూద్దాం. ఒంట్లో పాత మత్తు ఇంకా ఉండగా ఈ మందు వేసుకుంటే, అది పాతదాన్ని ఉన్నపళంగా తోసేసి, విత్‌డ్రాయల్ బాధలన్నీ, అంటే అలవాటైన మత్తు అందనప్పుడు శరీరం పడే బాధలన్నీ, ఒక్కసారిగా విరుచుకుపడేలా చేస్తుంది. అందుకని బాధలు తమంతట తాము మొదలయ్యేదాకా రోగి ఓర్చుకుని ఉండాలి. ఆ బాధల తీవ్రతను కొలవడానికి వైద్యుల దగ్గర పదకొండు అంశాల పట్టిక ఉంది: నాడి వేగం, చెమట, కుదురుగా కూర్చోలేకపోవడం, కంటిపాప వెడల్పు, కీళ్ల నొప్పులు, ముక్కు కారడం, కడుపులో తిప్పడం, వణుకు, ఆవులింతలు, ఆందోళన, ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకోవడం. వైద్యుడు తెర మీద ఉన్నప్పుడు నాడి పట్టుకునే చెయ్యి రోగిదే అవుతుంది. మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి అతను లెక్కపెడుతుంటే, అవతల వైద్యుడు గడియారం చూస్తుంటాడు. తరువాత ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి కంటిపాప చూపించాలి. మాత్ర మింగితే పెద్దగా పనిచేయదు. నాలుక కింద పెట్టుకుని పూర్తిగా కరిగేదాకా మాట్లాడకుండా ఉండాలి. ఆ కాసేపు తెరకు ఇరువైపులా ఉన్న ఇద్దరూ మౌనంగా ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు. తనను దొంగలా కాకుండా రోగిలా చూస్తూ ఒక మనిషి అంతసేపు కూర్చోవడం ఎంత పెద్ద సంగతో, ఏళ్లపాటు ఈసడింపులు పడ్డవారికే తెలుస్తుంది.

రోగుల అభిప్రాయం అడిగిన అధ్యయనాలు చూస్తే, ఎక్కువమంది తృప్తిగానే ఉన్నామని చెబుతున్నారు. ప్రయాణం తప్పిందని, పనికి సెలవు పెట్టనక్కర్లేకుండా పోయిందని, పిల్లల్ని ఎవరికో అప్పగించే పని లేకపోయిందని అంటారు. వీటన్నిటికంటే నేను ఎక్కువ విలువ ఇచ్చేది మరొకదానికి. వ్యసన చికిత్సా కేంద్రం గుమ్మంలో తెలిసినవాళ్ల కంట పడతామేమోనన్న సిగ్గు, అక్కడి వరుసలో పాత సావాసగాళ్లు ఎదురై మళ్లీ మత్తులోకి లాగుతారేమోనన్న బెదురు, ఈ రెండూ ఇంటి నుంచి మాట్లాడేటప్పుడు ఉండవు.

అయితే ఈ తృప్తిని కొలిచే తీరులో ఒక లోపం ఉంది. తరచు వాడే ప్రశ్నావళుల్లో ఒకదానిలో ఎనిమిది ప్రశ్నలుంటాయి. మార్కులు 8 నుంచి 32 వరకు వస్తాయి. ఏ వైద్యసేవ గురించి అడిగినా జవాబులు పై అంకెల దగ్గరే గుమిగూడడం పరిపాటి. పైగా వచ్చే నెల మందు రాయవలసిన వైద్యుడి క్లినిక్ నుంచే ఆ ప్రశ్నలు వస్తే, బాగాలేదని చెప్పడానికి రోగికి నోరెలా వస్తుంది? అంతకన్నా ముఖ్యంగా, ప్రశ్నావళి అందేది చికిత్సలో మిగిలి ఉన్నవారికే. విసిగి వెళ్లిపోయినవారు ఆ లెక్కలోకే రారు.

అందుకే తృప్తితో పాటు నిలకడనూ చూడాలి. కెనడాలోని అంటారియోలో కరోనాకు ముందే ఈ చికిత్స వీడియో ద్వారా పెద్ద ఎత్తున సాగింది. 2017లో ప్రచురితమైన అక్కడి అధ్యయనంలో, ఎక్కువగా వీడియో ద్వారానే వైద్యుణ్ణి కలిసినవారిలో 50 శాతం మంది ఏడాది తరువాత కూడా చికిత్సలో ఉండగా, నేరుగా కలిసినవారిలో 39 శాతం మందే ఉన్నారు. దూరం నుంచి చేసే వైద్యం నాసిరకమన్న అనుమానానికి ఇది గట్టి జవాబే. కానీ వీడియో పొందినవారిలోనూ సగం మంది ఏడాది తిరిగేసరికి లేరన్న మాటను నేను దాటవేయలేను.

వాళ్లెందుకు వెళ్లిపోయారు? రోగుల ఫిర్యాదుల్లో కొన్ని ఆధారాలు దొరుకుతాయి. వైద్యుడు మందు రాసినా ఫార్మసీలో నిల్వ ఉండదు, లేదా ముక్కూమొహం తెలియని వైద్యుడి చీటీ చూసి ఇవ్వడానికి వెనకాడతారు. విత్‌డ్రాయల్ బాధలో ఉన్న మనిషికి రేపు రండి అన్న ఒక్క మాట చాలు, పాత దారి పట్టడానికి. ఒకే గదిలో కుటుంబమంతా ఉన్నచోట గుట్టుగా మాట్లాడే చోటు దొరకదు. ఫోన్‌లో డబ్బులు అయిపోతాయి, మాట మధ్యలో లైన్ తెగుతుంది. మళ్లీ మత్తు వాడుతున్నారేమో చూసే మూత్రపరీక్షలు తగ్గినందుకు తమను నమ్మారని సంతోషించేవారున్నట్టే, ఆ కట్టుబాటు లేక తేలిపోతున్నామని దిగులుపడేవారూ ఉన్నారు. అలాంటివారికి నేరుగా కలిసే దారి కూడా తెరిచే ఉంచాలి.

ఈ సేవలు నడిపేవారిని నేను కోరేది చిన్న పనే. అనుకున్న వేళకు కాల్‌లోకి రాని రోగికి, రికార్డులో గైర్హాజరు అని రాసి ఊరుకోకుండా, ఆ రోజే ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. మందు దొరికిందా, మాట్లాడడానికి చోటు ఉందా, మేమన్న మాట ఏదైనా నొప్పించిందా అని అడగాలి. రెండోసారి, మూడోసారి కూడా చేయాలి. ఆ జవాబులను, ఎనిమిది ప్రశ్నలకు వచ్చిన మార్కుల పక్కనే రాసిపెట్టాలి.