నెట్టేది రోగి, కనిపెట్టేది మన చెయ్యి

(బరంపురంలో యువ ఫిజియోథెరపిస్టుల శిక్షణ తరగతి ఆరంభంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి కొందరు తెల్లవారుజామున బయలుదేరి వచ్చారని విన్నాను. ఇచ్ఛాపురం దాటి ఇటు వచ్చినవాళ్లూ ఉన్నారు. సంతోషం. సాయంత్రం ఇచ్చే ధ్రువపత్రాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించుకోండి, తప్పులేదు. అది చూసి రోగి లోపలికి వస్తాడేమో గానీ, అతని కాలు మీ చేతిలో పెట్టాక ఆ కాగితం మీకు సాయం రాదు.

ఈ రోజు మీరు నేర్చుకోబోయే మజిల్ ఎనర్జీ టెక్నిక్‌ను, అంటే రోగి చేతనే నెట్టించి కండరం బిగువు తగ్గించే పద్ధతిని, రూపొందించింది అమెరికాకు చెందిన ఆస్టియోపతీ (ఎముకలు, కండరాలను చేత్తో సరిచేసే వైద్యం) వైద్యుడు ఫ్రెడ్ మిచెల్ సీనియర్. గత శతాబ్దం నడిమి దశాబ్దాల్లో ఆయన దీనికి ఒక రూపు తెచ్చారు. 1970లో అయోవా రాష్ట్రంలో మొదటి శిక్షణ ఇచ్చినప్పుడు ఆయన ముందు కూర్చున్నది ఆరుగురు వైద్యులు. ఆరుగురే! ఈ హాలులో ఎన్ని వరుసల కుర్చీలున్నాయో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. చేతితో నేర్పాల్సిన విద్యకు పెద్ద హాలును మించిన శత్రువు లేదని నా అభిప్రాయం. అందుకే కాసేపట్లో మిమ్మల్ని బల్లకు నలుగురి చొప్పున విడగొడుతున్నాం. మీ స్నేహితుడు వేరే బల్లకు వెళ్లాడని అలగకండి.

పద్ధతి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. బిగిసిన కండరాన్ని అడ్డు తగిలే చోటి వరకు తీసుకెళతాం. అక్కడ రోగి మెల్లగా ఎదురు నెడతాడు, మనం కదలకుండా ఆపుతాం. ఐదు నుంచి పది సెకన్లు. వదిలెయ్యమంటాం. శ్వాస బయటికి వదులుతుండగా కొత్త అడ్డు దాకా తీసుకెళతాం. మూడు నుంచి ఐదుసార్లు ఇలా. బిగిసిన కండరంతోనే నెట్టించవచ్చు, దానికి ఎదురుగా పనిచేసే కండరంతోనూ నెట్టించవచ్చు. నొప్పి కొత్తదైతే అడ్డు దగ్గరే మొదలుపెట్టి, సాగదీయకుండా కొత్త అడ్డు వరకే వెళ్లండి. పాతబడిన బిగువైతే అడ్డుకు కాస్త ఇవతల మొదలుపెట్టి, తర్వాత అడ్డు దాటించి కొద్దిసేపు సాగదీసి పట్టుకోవచ్చు. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే.

పుస్తకంలో దొరకనిది అడ్డు ఎక్కడుందన్నది. బావిలో చేద వేసి తాడు లాగుతుంటే వదులంతా పోయి నీళ్ల బరువు తగిలే క్షణం ఒకటి ఉంటుంది కదా, మనకు కావలసింది ఆ క్షణం. కుర్రాళ్లు చాలామంది దాన్ని దాటిపోతారు. రోగి ముఖం చిట్లించాక ఆగుతారు. అప్పటికే కండరం ఆత్మరక్షణకు దిగింది, ఇక ఏం చేసినా మీతో తగువే. మధ్యాహ్నం వరకు మీ చేత కళ్లు మూసుకుని చేయించబోయేది ఇదొక్కటే. జతగాడి కాలును నెమ్మదిగా ఎత్తాలి, మొదటి ఎదురు తగలగానే ఆగాలి, పక్కవాడు గోనియోమీటర్‌తో కోణం రాసుకోవాలి. మళ్లీ చేయాలి. రెండుసార్లూ కోణం దగ్గర దగ్గరగా వస్తే మీ చెయ్యి దారిలో పడినట్టే.

రెండో చిక్కు బలం. నెట్టండి అనగానే మన జనం పూర్తి బలం చూపిస్తారు. గోపాలపూర్, ఆర్యపల్లి తీరాల్లోని మన తెలుగు మత్స్యకారులు వలలు లాగిన భుజాలతో నెడితే మీరు గోడకు అతుక్కుంటారు. మనకు కావలసింది వారి శక్తిలో ఐదోవంతు, మహా అయితే నాలుగోవంతు. చెకోస్లొవేకియాకు చెందిన నరాల వైద్యుడు కారెల్ లెవిట్ అంతకంటే తక్కువ బలంతోనే పని జరిపించేవారు. నేను ఇలా చెబుతాను: "మావయ్యా, నేను నీ కాలు లేపబోతున్నాను, నువ్వు లేవనివ్వకు, అంతే. నన్ను గెలవక్కర్లేదు." పోటీ అనుకుంటే ఊపిరి బిగబడతారు. ఊపిరి బిగబట్టి నెడితే రక్తపోటు పెరుగుతుంది. గుండె జబ్బున్న పెద్దవాళ్ల దగ్గర అది ఆటలు కాదు. ఒడియా, సవర మాట్లాడే రోగులూ మీ దగ్గరకు వస్తారు కాబట్టి ఈ మాటను మీకు వచ్చిన భాషలన్నిటిలో ముందే సాధన చేసుకోండి. బలం అలవాటు కావడానికి రక్తపోటు కొలిచే పట్టీలో కాస్త గాలి నింపి, చేతికీ కాలికీ మధ్య పెట్టి ముల్లు చూడండి. ఖరీదైన పరికరం అక్కర్లేదు.

ఇక్కడి రోగుల గురించి కొంచెం చెప్పాలి. ఈ ఊరి పట్టు నేసే ఇళ్లలో గుంట మగ్గం అంచున కూర్చునేవాళ్లున్నారు. గంటల తరబడి తుంటి మడిచి, కాళ్లు గుంటలో తొక్కుళ్ల మీద పెట్టి, ముందుకు వంగి పని. లేచి నిలబడబోతే నడుము సహకరించదు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లి వచ్చిన వాళ్ల బాధ వేరు, వాళ్లది నిలువుకాళ్ల మీద పని. ఇద్దరికీ నడుమునొప్పి అని ఒకే చీటీ రాసి, నొప్పి తగ్గించే ఒకే కరెంటు యంత్రం పెట్టి పంపడం మన వృత్తిలో పాతుకుపోయిన సోమరితనం. నేతగాడిని బల్ల అంచున వెల్లకిలా పడుకోబెట్టండి. ఒక మోకాలు ఛాతీకి పట్టుకోమని, రెండో తొడ ఎంత కిందికి దిగుతుందో చూడండి. దిగకపోతే తుంటి ముందు కండరంతో పని ఉంది. అక్కడ తొడను కొద్దిగా పైకి ఎత్తమని, అరచేత్తో ఆపి, వదిలించి, కిందికి జారనివ్వండి. చేసే ముందూ తర్వాతా కోణం రాయండి. కటి ఎముకల గుర్తులు వేళ్లతో తడిమి ఇది ముందుకు తిరిగింది, అది వెనక్కి తిరిగింది అని తేల్చేయకండి. ఒకే రోగిని ఇద్దరు నిపుణులు తడిమితే సమాధానాలు సరిగా కలవడం లేదని పరిశోధనలు చాలాసార్లు చూపించాయి.

"కరెంటు పెట్టరా బాబూ?" అని అడుగుతారు. ఫీజు ఇచ్చి తమ కాలు తామే నెట్టుకోవడమేమిటని వాళ్లకు అనుమానం. విసుక్కోకండి. బల్ల మీద నుంచి దిగాక నాలుగడుగులు నడిపించి వాళ్లనే చెప్పమనండి.

ఇక ఇది ఎందుకు పనిచేస్తుందంటే, పాఠ్యపుస్తకం గోల్జీ స్నాయు గ్రాహకాల కథ చెబుతుంది, అంటే కండరం చివర బిగువును కనిపెట్టే నరాల కొసలు కండరాన్ని సడలిస్తాయని. పరీక్షలో అదే రాయండి, మార్కులు వస్తాయి. కానీ కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచి చూసినప్పుడు ఆ కథ చెప్పిన సడలింపు కనబడలేదు. సాగదీతను ఓర్చుకునే శక్తి పెరగడమే అసలు కారణమన్న వాదన ఇప్పుడు బలంగా ఉంది. ఇంకో చేదు సంగతి. 2015లో వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష నడుమునొప్పి మీద ఈ పద్ధతిని పరీక్షించిన 12 ప్రయోగాలను, మొత్తం 500 మందిని పరిశీలించింది. ఆధారాల నాణ్యత తక్కువ, ఈ పద్ధతి ఫలితమిస్తుందని చెప్పే వీలు లేదు అన్నది దాని తీర్పు. మరి నేనెందుకు నేర్పుతున్నాను? దీనికి యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. రోగి నొప్పికి భయపడకుండా కదలడం మొదలుపెడతాడు. ఆ వదులైన పది నిమిషాల్లో వ్యాయామం నేర్పవచ్చు. వ్యాయామం నేర్పకుండా ఇదొక్కటే చేసి పంపితే మీరు చేసింది మాలీషు.

ఎవరిని ముట్టుకోకూడదో కూడా వినండి. విరిగిన ఎముక, తెగిన కండరం, బాగా గుల్లబారిన ఎముకలు. రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం కలిసి వస్తే వెన్ను క్షయ కావచ్చు, మన దేశంలో దాన్ని ఎప్పుడూ మరిచిపోకూడదు. తొడల మధ్య తిమ్మిరి, మూత్రం మీద అదుపు తప్పడం కనిపిస్తే బల్ల ఎక్కించకుండా ఇక్కడి ఎం.కె.సి.జి. ఆసుపత్రికి అప్పుడే పంపండి. ఆడవాళ్లకు చికిత్స చేసేటప్పుడు ఎక్కడ చెయ్యి వేస్తామో, ఎందుకో ముందే చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. తోడు వచ్చినవారిని తెరకు మన వైపే, లోపల కూర్చోబెట్టండి.

సరే, బల్లల దగ్గరికి పదండి. మొదట తొడ వెనుక కండరం. ఉంగరాలు, గడియారాలు తీసి జేబులో వేసుకోండి. గోళ్లు పెరిగినవాళ్ల కోసం కత్తెర పేర్లు నమోదు చేసే బల్ల మీద ఉంది, సిగ్గుపడకండి.