గుండె మీద ఐస్, పక్కనే ఊపిరి నరం

అందరికీ నమస్కారం. థియేటర్‌లో పనిచేసేవాళ్లతో పాటు గుండె ఆపరేషన్ గురించి తెలుసుకోవాలని వచ్చినవాళ్లూ ఉన్నారు కాబట్టి మామూలు మాటల్లోనే చెబుతాను.

గుండెను ఆపి ఆపరేషన్ చేసేటప్పుడు దాని కండరానికి రక్తం ఆగిపోతుంది. కండరం చల్లబడితే ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది. అందుకే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో గుండె సర్జన్ నార్మన్ షమ్‌వే బృందం 1959లో చల్లటి సెలైన్‌తో గుండెను పైనుంచి చల్లబరిచే పద్ధతిని ముందుకు తెచ్చింది. క్రమంగా ఐస్ పలుకులు కలిసిన సెలైన్ పోయడం చాలాచోట్ల అలవాటైంది.

నా బాధంతా ఫ్రెనిక్ నరం గురించి. ఊపిరితిత్తుల కింద ఉండి ఊపిరి తీయించే కండరాన్ని, అంటే డయాఫ్రమ్‌ను కదిలించేది అదే. ఎడమవైపు నరం గుండె చుట్టూ ఉండే పొరను అంటిపెట్టుకునే కిందికి దిగుతుంది. గుండె వెనకాల, ఎడమ పక్కన ఐస్ పేరుకుపోతే ఆ చలి తిన్నగా నరానికే తగులుతుంది. నరం దెబ్బతిన్న సంగతి అప్పటికప్పుడు బయటపడదు. వెంటిలేటర్ గాలి నెడుతున్నంతసేపూ అంతా బాగానే కనిపిస్తుంది. ట్యూబ్ తీశాకే ఆయాసం మొదలవుతుంది. ఎక్స్‌రేలో ఎడమ డయాఫ్రమ్ పైకి లేచి, ఊపిరితిత్తి కింది భాగం ముడుచుకుపోయి ఉంటుంది. చాలామందిలో నరం కోలుకుంటుంది, కానీ అందుకు నెలలు పట్టవచ్చు. ముందే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు అన్ని నెలలు గడవడం చాలా కష్టం. పసిపిల్లల పరిస్థితి ఇంకా సున్నితం. వాళ్ల శ్వాస భారమంతా దాదాపు డయాఫ్రమ్ మీదే ఉంటుంది. కొందరికి దాన్ని బిగించి కుట్టే మరో ఆపరేషన్ తప్పదు.

ఐస్ పలుకులు గుండె పైపొరను కూడా గాయపరచగలవు. పైగా చలి అంతటా సమానంగా చేరదు. ఐస్ తగిలిన చోట బాగా చల్లబడుతుంది, లోపలి కండరం వెచ్చగానే ఉండిపోవచ్చు.

ఇంతా చేసి అదనంగా దక్కేది ఎంత? పొటాషియం ఉన్న కార్డియోప్లీజియా ద్రవంతో గుండెను ఆపడం వల్లే దాని ఆక్సిజన్ వాడకం దాదాపు 90 శాతం తగ్గుతుంది. ఆ ద్రవం బాగా అందుతున్నప్పుడు మామూలు ఆపరేషన్లలో అలవాటు కొద్దీ ఐస్ పోయడం సరికాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. తప్పనిసరైతే పలుకులు లేని చల్లటి సెలైన్ వాడండి. నరం వైపు చలి తగలకుండా ఆపే ఇన్సులేషన్ ప్యాడ్ పెట్టండి, ద్రవాన్ని నిలవనివ్వకండి.

ఐసీయూలో ఉన్నవాళ్లకూ ఒక మాట. వెంటిలేటర్ తీయడం పదేపదే విఫలమవుతుంటే డయాఫ్రమ్‌ను అల్ట్రాసౌండ్‌తో చూడండి. పరీక్ష మంచం దగ్గరే అయిపోతుంది. రోగి తనంతట తాను ఊపిరి తీసుకుంటున్నప్పుడు చూస్తేనే డయాఫ్రమ్ కదలిక సరిగ్గా తెలుస్తుంది.