ఉప్పు జాడీలో నీళ్లు ఎక్కడివి? పిల్లలకి వాన పాఠం అక్కడ మొదలుపెట్టండి

నమస్తే అండీ. ఈ వీడియో ముఖ్యంగా అమ్మానాన్నల కోసం, బళ్లో సైన్స్ చెప్పే టీచర్ల కోసం. సముద్రం, పైకి ఒక బాణం, మేఘం, కిందికి ఇంకో బాణం, కొండ, నది, మళ్లీ సముద్రం... ఆ బొమ్మ మీకూ వచ్చు, చిన్న తరగతి పిల్లలకీ వచ్చు, కాబట్టి నేను గీయను. నాకు చిరాకు తెప్పించేది దాని కింద రాయించే వాక్యం: "నీటి ఆవిరి పైకి వెళ్లి మేఘమవుతుంది, మేఘం బరువెక్కితే వాన పడుతుంది." పిల్లలు బట్టీ పట్టి మార్కులు తెచ్చేసుకుంటారు. మేఘం అంటే ఏమిట్రా అని అడిగితే మాత్రం, ఆవిరి అంటారు.

ఆవిరి కాదండీ. నీటి ఆవిరి కంటికి కనపడదు. మీరు ఇప్పుడు కూర్చున్న గదిలోనూ ఉంది, కనిపిస్తోందా? మేఘం కనిపిస్తోందంటే అక్కడున్నది నీరే, సన్న సన్న బొట్లుగా, బాగా ఎత్తున అయితే మంచు పలుకులుగా.

మరి ఆవిరి బొట్టుగా ఎలా మారుతుంది? చల్లబడితే మారుతుంది అంటారు. చల్లబడాలి, నిజమే, కానీ అది సగం సంగతే. ఆవిరి పట్టుకోవడానికి ఒక నలక కావాలి. నలక అన్నదే లేని గాలిలో తేమ 100 శాతం, అంటే మామూలుగా గాలి పట్టగలిగినంత ఆవిరి, దాటి 300 శాతానికి చేరినా బొట్టు కట్టడం కష్టం. ఈ ముక్కే మన పిల్లలకి ఎవరూ చెప్పడం లేదు.

(ఉప్పు జాడీ చూపిస్తూ)

ముసురు పట్టిన రోజుల్లో వంటింట్లో కల్లుప్పు ఏమవుతుంది? చెమ్మగిల్లుతుంది, ముసురు వదలకపోతే జాడీ అడుగున నీళ్లు ఊరతాయి. ఎవరు పోశారు ఆ నీళ్లు? ఎవరూ పోయలేదు, గాలిలో ఉన్న ఆవిరిని ఉప్పే లాక్కుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, ఉప్పు నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది, 100 దాకా ఆగదు. మేఘం పుట్టేటప్పుడు పైన జరిగేదీ ఇదే. ఇక్కడ జాడీ నిండా ఉప్పు, అక్కడ ఒక్కో బొట్టుకి ఒక్కో నలక.

పైకి ఉప్పు ఎలా వెళ్లింది అంటారా? బారువలోనో కళింగపట్నంలోనో అల విరిగినప్పుడు నురగ వస్తుంది కదా, ఆ నురగలో బుడగలు పగిలినప్పుడల్లా కంటికి ఆనని తుంపరలు గాలిలోకి ఎగురుతాయి, వాటిలో నీరు ఆరిపోయి ఉప్పు నలక మిగులుతుంది, దాన్ని గాలి ఎత్తుకుపోతుంది. నమ్మకం కుదరకపోతే తీరం ఊళ్లలో కిటికీ ఊచలు ఎంత తొందరగా తుప్పు పడతాయో చూడండి. దుమ్ము, పొగ కూడా ఇదే పని చేస్తాయి. కానీ శ్రీకాకుళం పిల్లలకి చెప్పేటప్పుడు ఉప్పును మించిన ఉదాహరణ లేదు, ఎందుకంటే మనకి నౌపడ ఉంది.

ఎండాకాలంలో ఒక్కసారి పిల్లల్ని నౌపడ ఉప్పు మడుల దగ్గరికి తీసుకెళ్లండి. 100 డిగ్రీలకి మరిగితేనే నీరు ఆవిరవుతుంది అనుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. మడి కింద పొయ్యి లేదు, ఎండా గాలీ తప్ప. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, నీరు వెళ్లిపోతుంది, అది ఉండిపోతుంది. వాన నీళ్లు ఉప్పగా ఎందుకుండవు అనే ప్రశ్నకి జవాబు అక్కడ వాళ్ల కాళ్ల దగ్గరే తెల్లగా పేరుకుని ఉంటుంది. ఇప్పుడు చూడండి: మడిలో ఉప్పుని వదిలేసి వెళ్లిన నీరు, మేఘంగా మారేటప్పుడు మళ్లీ ఒక ఉప్పు నలకనే పట్టుకోవచ్చు! ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఇది అద్భుతంగానే ఉంటుంది. అందుకే వానలో అతి కొద్దిగా ఉప్పు ఉంటుంది కూడా, నాలుకకి తెలియనంత.

సరే, బొట్టు కట్టింది. వాన పడిపోతుందా? పడదు. మేఘంలో బొట్టు అడ్డం కొలిస్తే సుమారు 0.02 మిల్లీమీటర్లు, మామూలు వాన చినుకు 2 మిల్లీమీటర్లు. వంద రెట్లు కదా అనకండి, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వంద రెట్లే, అంటే పది లక్షల బొట్లు కలిస్తే ఒక చినుకు. ఈ లెక్క పిల్లల చేతే కట్టించండి, వాళ్ల కళ్లు చూడాలి అప్పుడు. "మేఘాలు గుద్దుకుంటే వాన" అని ఇళ్లల్లో చెబుతుంటాం, గుద్దుకునేవి మేఘాలు కావు, ఈ బొట్లు. ఒకదాన్నొకటి కలుపుకుని పెద్దవై, గాలి మోయలేనప్పుడు పడతాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. సముద్రం నుంచి లేచిన ఆవిరిలో ఎక్కువ భాగం తిరిగి సముద్రం మీదే కురుస్తుంది, బొమ్మలో ఆ బాణం ఉండదు, గీయించండి. ఇంకోటి, మన ఊళ్లో చినుకు లేకపోయినా వంశధార, నాగావళి పొంగుతాయి, ఎందుకంటే రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవి, వాన అక్కడ పడితే నీళ్లు ఇక్కడికొస్తాయి. ఇక క్లైమేట్. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఒక రోజు సంగతి, క్లైమేట్ అనాలంటే మామూలుగా 30 ఏళ్ల సగటు చూస్తారు. ఒక్క తుపానుని చూపించి క్లైమేట్ మారిపోయింది అని పిల్లలకి చెప్పొద్దు, అలాగని ఏమీ మారలేదనీ చెప్పొద్దు: గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పడుతుంది, కురిసినప్పుడు కుండపోత అవడానికి అదొక కారణం.

ప్రయోగం చెప్పి ఆపేస్తాను. ఒకేలాంటి రెండు గాజు సీసాలు తీసుకుని, అడుగున కాస్త వేడి నీళ్లు పోసి, ఒకదాంట్లో అగరబత్తి పొగ పట్టి, రెండింటికీ మూత పెట్టి పైన ఐస్ ముక్కలు ఉంచండి. పొగ పట్టినదాంట్లో మబ్బు చిక్కగా కడుతుంది, రెండోదాంట్లో పలచగా, మామూలు గాలిలోనూ కొంచెం దుమ్ము ఉంటుంది కాబట్టి ఆ మాత్రమైనా కడుతుంది. తేడా ఎందుకొచ్చిందో మీరు చెప్పకండి, పిల్లల్నే చెప్పనివ్వండి. వేడి నీళ్లు మాత్రం పెద్దవాళ్లే పోయాలి.