మురీ మిక్చర్ బండి, మారే ఐపీ, ఇంట్లో వెబ్‌సైటు

[తెరపై: ఆర్కే బీచ్, సాయంత్రం]

నమస్కారం. పాత ల్యాప్‌టాప్‌నో చిన్న రాస్ప్‌బెరీ పై బోర్డునో ఇంట్లో ఒక మూల పెట్టి, దాని మీద సొంత వెబ్‌సైటు నడపాలనుకునేవారు విశాఖలో నాకు తరచుగా తారసపడుతుంటారు. వారిలో చాలామంది "ఐపీ అడ్రసు మాటిమాటికీ మారిపోతోందండీ, అందుకే సైటు తెరుచుకోవడం లేదు" అంటారు. ఐపీ అడ్రసంటే ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కు ఉండే అంకెల చిరునామా. అది మారిపోతోందన్న మాట వినగానే నాకు చిరాకు వస్తుంది, ఎందుకంటే సైటు పేరుకు ఐపీ ఏదో చెప్పే డీఎన్ఎస్ అనే పేర్ల పట్టికలోని అడ్రసును అప్పటికప్పుడు మార్చుకునే పద్ధతి 1997లోనే ప్రమాణంగా వచ్చింది. గాజువాకలో ఉండే నా మిత్రుడొకరు డబ్బు కట్టి మరీ డైనమిక్ డీఎన్ఎస్ సేవ తీసుకున్నారు. ఆయన సైటు పేరుకు కొత్త ఐపీ అయిదు నిమిషాలకోసారి చక్కగా నమోదవుతోంది, సైటు మాత్రం బయటివారెవరికీ తెరుచుకోవడం లేదు. అయినా ఆయన మారే ఐపీనే తిడుతున్నారు.

అసలు సంగతి తెలియాలంటే బీచ్ రోడ్డులో ఒక మురీ మిక్చర్ బండిని ఊహించుకోండి. ఆ బండి ఒకరోజు కుర్సురా సబ్‌మెరైన్ ఎదుట ఉంటుంది, మరునాడు ఇంకాస్త దూరం జరుగుతుంది, ఆ మరునాడు ఎక్కడుంటుందో బండివాడికే తెలియదు. (ఉల్లిపాయ సన్నగా తరిగి, నిమ్మకాయ గట్టిగా పిండే బండి అనుకుందాం, స్వీట్ కార్న్ కలిపేవారి గురించి నేను మాట్లాడదలచుకోలేదు.) కాళీమాత గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మే ఒక ఆమె మాత్రం కదలకుండా ఒకేచోట కూర్చుంటుంది. బండివాడు చోటు మారినప్పుడల్లా ఆమెకు ఫోన్ చేసి చెబితే చాలు, గిరాకీ ఆమెను అడిగి నేరుగా బండి దగ్గరకు వెళ్తుంది. ఆ బండి వెబ్‌సైటును నడిపే మీ కంప్యూటర్, అంటే సర్వర్. ఆ కొబ్బరికాయల ఆమే డైనమిక్ డీఎన్ఎస్, ఆ ఫోన్ చేసేది మీ రౌటర్‌లోనో సర్వర్‌లోనో నడిచే చిన్న ప్రోగ్రాము. డక్ డీఎన్ఎస్ వంటి సేవలు ఈ పనిని ఉచితంగానే చేస్తాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒకసారి అడిగి తెలుసుకున్న మనిషి, ఎంతసేపటి వరకు మళ్లీ అడగనక్కర లేదో కూడా ఆమే చెబుతుంది. దీన్నే టీటీఎల్ అంటారు. అది 86,400 సెకన్లని రాసి ఉంటే, బండి కదిలిపోయినా జనం రోజంతా ఖాళీ ఫుట్‌పాత్ దగ్గరకే వెళ్తుంటారు. 60 సెకన్లో 300 సెకన్లో పెట్టుకుంటే ఆ ఇబ్బంది నిమిషాలతో పోతుంది. పైగా చాలా కనెక్షన్లలో ఐపీ మారేది రౌటర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడో, లైను తెగి కలిసినప్పుడో మాత్రమే. ఇంటి వెబ్‌సైటుకు నెలలో కొన్ని నిమిషాలు అంతరాయం కలిగితే కొంప మునిగేదేమీ లేదు.

మరి గాజువాక మిత్రుడి సైటు ఎందుకు తెరుచుకోలేదు? ఆయన బండి రోడ్డు మీద లేదు కనుక.

[తెరపై: ప్రహరీ, ఒకే గేటు, లోపల వరుసగా బండ్లు]

ఇప్పుడు బండిని ఎత్తైన ప్రహరీ ఉన్న ఆవరణలో పెట్టామనుకోండి. లోపల వందల బండ్లున్నాయి, గేటు ఒక్కటే, దాని దగ్గర కూర్చున్న వాచ్‌మన్ ఒక్కడే. లోపలి బండివాడు ఉల్లిపాయలు కావాలని కబురు పంపితే వాచ్‌మన్ ఆ సంగతి చీటీలో రాసుకుంటాడు, సరుకు రాగానే చీటీ చూసి సరిగ్గా ఆ బండికే పంపుతాడు. మీ ఇంట్లో యూట్యూబ్ ఏ ఇబ్బందీ లేకుండా నడవడానికి కారణం ఆ చీటీయే. బయటి నుంచి కొత్త మనిషి వచ్చి "మురీ మిక్చర్ కావాలి" అంటే మాత్రం చీటీలో ఏమీ ఉండదు కాబట్టి వాచ్‌మన్ అతణ్ని వెనక్కి పంపేస్తాడు. కొబ్బరికాయల ఆమె గేటు అడ్రసును నిజాయితీగానే చెబుతోంది, తప్పు ఆమెది కాదు. ఇంటర్నెట్ కంపెనీ చాలా ఇళ్లకు ఒకే బయటి ఐపీని పంచే ఈ ఏర్పాటు పేరు సీజీనాట్. మీ ఇంటి రౌటర్‌లో మీరు పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చినవారిని సర్వర్‌కు పంపమనే అమరిక) ఎన్నిసార్లు సరిచేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే అది మీ బండి ముందున్న పరదాను తీయగలదే తప్ప గేటును తెరవలేదు.

ప్రహరీ కట్టడానికి కారణం అడ్రసుల కరువు. పాత పద్ధతి అయిన ఐపీవీ4లో అడ్రసు 32 బిట్లది, అంటే లెక్కకు వచ్చేవి దాదాపు 429 కోట్లే. ప్రపంచ స్థాయి నిల్వలోని చివరి కట్టలను 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. మన ప్రాంతానికి అడ్రసులిచ్చే ఏపీనిక్ కూడా ఆ ఏప్రిల్‌లోనే తన చివరి కట్టకు చేరి, రేషన్ మొదలుపెట్టింది. 2012లో 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసులను ఇలాంటి ప్రహరీల లోపలి వాడకానికే కేటాయించారు.

మీ పరిస్థితి తెలుసుకోవడం సులువు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కు బయటివైపు ఉన్న ఐపీ) అని ఉన్నచోట కనిపించే అంకెను, "నా ఐపీ ఏమిటి" అని చెప్పే ఏదైనా సైటు చూపించే అంకెతో పోల్చండి. రెండూ ఒకటే అయితే మీరు రోడ్డు మీదే ఉన్నారు, డైనమిక్ డీఎన్ఎస్ చాలు. వేరైతే, ముఖ్యంగా రౌటర్‌లోనిది 100.64 నుంచి 100.127 లోపు గానీ 10తో మొదలయ్యేది గానీ అయితే, మీరు ప్రహరీ లోపల ఉన్నట్టే. మా మిత్రుడిది 100.72తో మొదలైంది.

సమయం మించిపోతోంది కాబట్టి దారులను వేగంగా చెబుతాను. నెలనెలా అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత ఐపీ, తీసుకోవచ్చు, అంటే రోడ్డు మీద జాగాకు అద్దె. కొత్త పద్ధతి అయిన ఐపీవీ6 ఉంటే ప్రతి బండికీ రోడ్డు వైపు సొంత తలుపు ఉన్నట్టే, అయితే రౌటర్‌లో రాకపోకలను అడ్డుకునే ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వాలి, పాత ఐపీవీ4 మాత్రమే ఉన్నవారు మీ సైటుకు రాలేరు. మూడోది టన్నెల్: మీరే లోపలి నుంచి ఒక కుర్రాణ్ని బయటి దుకాణంలో కూర్చోబెడతారు, అతడు ఆర్డర్లు తీసుకుని లోపలికి చేరవేస్తాడు. అతడు లోపలి నుంచే వెళ్లాడు కనుక వాచ్‌మన్ అడ్డుచెప్పడు. క్లౌడ్‌ఫ్లేర్ ఇలాంటిది ఉచితంగా ఇస్తుంది, కానీ ఆ దుకాణంవాడు ప్రతి పొట్లాన్నీ విప్పి చూడగలడు. నాకు అది నచ్చదు కనుక చిన్న వీపీఎస్ (బయట ఉండే అద్దె సర్వర్) తీసుకుని, వైర్‌గార్డ్ అనే టన్నెల్ ప్రోగ్రాముతో ఇంటికి కలిపి, పొట్లాలకు తాళం వేసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్టును ఇంట్లోని సర్వర్‌లోనే ఉంచుకున్నాను.

వెబ్‌సైటు వాడే తలుపులైన 80, 443 పోర్టులు తప్ప మరేదీ తెరవకండి. రౌటర్‌కూ సర్వర్‌కూ యూపీఎస్ పెట్టండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసినవారికి ఎందుకో చెప్పనక్కర లేదు. అన్నీ అయ్యాక సైటును ఇంటి వైఫైతో పరీక్షించకండి, కొన్ని రౌటర్లు బయటికి వెళ్లిన దారిని అలాగే లోపలికి తిప్పలేక తమ లాగిన్ పేజీనే చూపిస్తాయి. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో తెరవండి. మా మిత్రుడు ఈ చివరి మాట వినకుండా ఇంకో సాయంత్రం పోగొట్టుకున్నారు.